బ్రిటన్‌లో కరీబియన్ నర్సులపై డిజర్టేషన్: జాతి, జెండర్ కలిపి చూడటం ఎలా?

ప్రశ్న:
ఎంఏ సోషియాలజీ డిజర్టేషన్‌కు 1948 తర్వాత బ్రిటన్ ఆసుపత్రుల్లో చేరిన కరీబియన్ మహిళలను తీసుకున్నాను. సినాప్సిస్‌లో జాతివివక్షకు ఒక అధ్యాయం, లింగవివక్షకు ఒకటి పెడితే గైడ్ ఒప్పుకోవడం లేదు. ఎలా మార్చాలి? ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి?

జవాబు 1:
గైడ్ చెప్పిందే సరి. అలా విడగొడితే నల్లజాతి స్త్రీ రెంటికీ చెందకుండా పోతుంది. అమెరికాలో జనరల్ మోటార్స్ మీద నల్లజాతి మహిళలు వేసిన కేసులో 1976లో కోర్టు ఆ పనే చేసింది: జాతి అనో, లింగం అనో అడగండి, రెండూ కలిపి కుదరదంది. 1989లో న్యాయశాస్త్ర పండితురాలు కింబర్లీ క్రెన్షా ఇంటర్‌సెక్షనాలిటీ (జాతి, లింగ వివక్షలు విడివిడిగా కాక కలిసి పనిచేస్తాయన్న) వాదనకు ఈ కేసునూ ఆధారం చేసుకున్నారు.

మీ టాపిక్‌లో ఆ రెండూ కలిసి పనిచేసిన చోటు నర్సింగ్ శిక్షణ. మూడేళ్ల కోర్సుకు ఎస్ఆర్ఎన్ (స్టేట్ రిజిస్టర్డ్ నర్స్), రెండేళ్లదానికి ఎస్ఈఎన్ (స్టేట్ ఎన్‌రోల్డ్ నర్స్). కరీబియన్ అమ్మాయిల్లో చాలామందిని తేడా చెప్పకుండానే రెండేళ్లదాంట్లో చేర్చారు. దాంతో వార్డు సిస్టర్ (వార్డు బాధ్యత చూసే సీనియర్ నర్సు) అయ్యే దారి మూసుకుపోయింది, స్వదేశం వెళ్తే ఆ సర్టిఫికెట్ చెల్లలేదు. డిజర్టేషన్ మొత్తం దీని మీదే నడపొచ్చు. ఆర్కైవ్ కేటలాగుల్లో ‘స్టూడెంట్ నర్స్’ అని మాత్రమే వెతక్కండి, అది మూడేళ్లవాళ్ల పేరు. రెండేళ్లవాళ్లు ‘ప్యూపిల్ నర్స్’ కింద ఉంటారు.

జవాబు 2:
పోలికకు ఐరిష్ నర్సులను తప్పక పెట్టుకోండి. వాళ్లూ ఆడవాళ్లే, వలస వచ్చినవాళ్లే, కానీ తెల్లవాళ్లు. వలస వల్ల వచ్చిన ఇబ్బందేదో, రంగు వల్ల వచ్చిందేదో అప్పుడే విడిగా కనిపిస్తుంది.

సెన్సస్‌తో జాగ్రత్త. జాతి ప్రశ్న 1991లోనే వచ్చింది. అంతకుముందు ప్రధానంగా పుట్టిన దేశమే లెక్క కాబట్టి జమైకాలో పుట్టిన తెల్లవాళ్లు కలిసిపోతారు, లండన్‌లో పుట్టిన నల్లపిల్లలు తప్పిపోతారు. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో బీటీ 26 వరుస ఓడ ప్రయాణికుల జాబితాల్లో వయసు, వృత్తి, దిగబోయే చిరునామా ఉంటాయి. అవి 1960తో ఆగిపోతాయి, విమానంలో వచ్చినవాళ్లు వాటిలో ఉండరు.

జవాబు 3:
లండన్ బ్రిక్స్‌టన్‌లోని బ్లాక్ కల్చరల్ ఆర్కైవ్స్‌లో నల్లజాతి మహిళా ఉద్యమకారుల మౌఖిక చరిత్రలు, వారిలో ఒకరైన స్టెల్లా డాడ్జీ కాగితాలు ఉన్నాయి. ఒక్కటి చూసుకోండి: 70ల ఉద్యమ పత్రాల్లో ‘బ్లాక్’ అంటే చాలాచోట్ల మన ఉపఖండంవాళ్లు కూడా. 1978లో ఏర్పడిన ఓవాడ్ (OWAAD, ఆఫ్రికా, ఆసియా మూలాల మహిళల సంస్థ)లో ఆసియా మహిళలూ ఉన్నారు. హీత్రూలో భారతీయ స్త్రీలకు జరిపిన కన్యత్వ పరీక్షల మీద ఆ సంస్థ నిరసన చేసింది. కాబట్టి ప్రతి ఉల్లేఖనకూ మాట్లాడిందెవరో పక్కన రాసుకోండి, లేకపోతే కోడింగ్ (ఉల్లేఖనలను అంశాలవారీగా గుర్తులు పెట్టి విడదీయడం) అంతా కలగాపులగమవుతుంది.

కొత్తగా ఇంటర్వ్యూలు చేయాలనుకుంటే ముందు మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి. అనుమతికి ముందు రికార్డు చేసినవాటిని సాధారణంగా వాడనివ్వరు.