కొత్త యూజర్ల హోమ్ డైరెక్టరీ అందరూ చూడగలిగే 755తోనే వస్తాంది, ఎట్ల మార్చాల?

కడప, కాలేజీ ల్యాబ్:
సార్, మాది ఉబుంటు 20.04 సర్వర్. ఫస్టియర్ పిల్లోళ్లు 60 మందికి స్క్రిప్టుతో అకౌంట్లు పెట్టినాం. ఒకరి హోమ్‌లోకి ఇంకొకరు పోయి సీ ప్రోగ్రాములు కాపీ కొడతాండారు. /ఈటీసీ/యాడ్‌యూజర్.కాన్ఫ్‌లో డీఐఆర్_మోడ్=0750 అని మార్చినా, కొత్తగా చేర్చినోళ్లకు మళ్లీ 755నే వస్తాంది. స్క్రిప్టులో లైను ఇది: యూజర్‌యాడ్ -ఎమ్ -జి స్టూడెంట్స్ -ఎస్ /బిన్/బ్యాష్, ఆ తర్వాత రోల్ నంబరు. సోమవారం ల్యాబ్ ఎగ్జామ్ ఉండాది.

అనంతపురం, సిస్టమ్ అడ్మిన్:
మీరు మార్చిన ఫైలును చదివేది యాడ్‌యూజర్. మీ స్క్రిప్టు వాడేది యూజర్‌యాడ్. ఈ రెండూ వేర్వేరు ప్రోగ్రాములు, ఒకదాని సెట్టింగు ఇంకోదానికి పట్టదు.

యూజర్‌యాడ్ చూసేది /ఈటీసీ/లాగిన్.డెఫ్స్. అందులో హోమ్_మోడ్ లైను ఉంటే ఆ విలువే పెడుతుంది. లేకపోతే యూమాస్క్ (తీసేయాల్సిన పర్మిషన్లు) లైను తీసుకుని 777లోంచి ఆ బిట్లు కొట్టేస్తుంది. యూమాస్క్ 022 కాబట్టి మీకు 755 మిగులుతోంది. ఫైలు చివర హోమ్_మోడ్ 0700 అని ఒక లైను చేర్చండి. మధ్యలో ఖాళీ మాత్రమే ఉండాలి, ఈక్వల్ గుర్తు పెట్టకూడదు. యాడ్‌యూజర్.కాన్ఫ్‌లో మాత్రం దానికి విరుద్ధం: ఈక్వల్ ఉండాలి, లైను ముందు హ్యాష్ ఉంటే తీసేయాలి. రెండు ఫైళ్లలోనూ ఒకే విలువ పెట్టండి, రేపు ఎవరు ఏ కమాండు వాడినా తేడా రాదు.

యూమాస్క్‌నే 077 చేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. వద్దు. లాగిన్ సమయంలో పామ్ (లాగిన్‌ను చూసుకునే భాగం) కూడా ఆ లైనే చదువుతుంది. అప్పుడు పిల్లలు రాసే ప్రతి ఫైలూ 600 అయిపోతుంది, సార్లు తెరవలేరు.

ఉబుంటు 21.04 నుంచి డిఫాల్టే 750. 20.04 కాబట్టి మీరు చేత్తో మార్చాల్సి వస్తోంది.

కర్నూలు, నెట్‌వర్క్ ల్యాబ్:
750 అనుకున్నారు చూడండి, మీ స్క్రిప్టుకు అది పనిచేయదు. చిన్న -జి ఇచ్చారు కాబట్టి అందరి ప్రైమరీ గ్రూపూ స్టూడెంట్సే. మూడంకెల్లో మొదటిది ఓనరుకు, మధ్యది గ్రూపుకు, చివరిది మిగతావాళ్లకు; కాబట్టి మధ్యలోని 5 ఆ గ్రూపుకే వర్తిస్తుంది. అంటే బయటివాళ్లను ఆపి, క్లాసులో 60 మందికీ తలుపు తెరిచినట్టే. యూజర్‌కొక సొంత గ్రూపు ఉంటేనే 750కి అర్థం. చిన్న -జి తీసేసి పెద్ద -జి స్టూడెంట్స్ అని ఇస్తే, ఉబుంటు ఎవరి పేరుతో వాళ్లకు గ్రూపు పెడుతుంది, స్టూడెంట్స్ అదనపు గ్రూపుగా ఉంటుంది. వచ్చే బ్యాచికి అట్లా చేయండి. ఈ బ్యాచికి పరీక్ష దగ్గర పెట్టుకుని గ్రూపులు కదిలించొద్దు, 700 చాలు.

ప్రొద్దుటూరు:
ఇప్పటికే ఉన్న 60 మందికి సుడో చ్‌మాడ్ -ఆర్ 700 /హోమ్/* కొడితే ఒకేసారి అయిపోతుంది కదన్నా?

కర్నూలు, నెట్‌వర్క్ ల్యాబ్:
ఆ -ఆర్ తీసేయండన్నా. అది లోపలున్న ప్రతి ఫైలుకూ 700 పెడుతుంది: మామూలు టెక్స్ట్ ఫైళ్లకు కూడా ఎగ్జిక్యూట్ బిట్ వస్తుంది, సార్లకు చదివే దారి పోతుంది. ఏ ఫైలుకు ముందు ఏముందో ఎక్కడా రాసి ఉండదు, కాబట్టి వెనక్కి తెచ్చే కమాండు లేదు. పైన ఉన్న డైరెక్టరీ మూస్తే చాలు, లోపల 644 ఉన్నా ఎవరూ అక్కడిదాకా రాలేరు. ముందు లిస్టు చూసుకోండి: స్టాట్ -సీ '%ఏ %ఎన్' /హోమ్/*. విద్యార్థులవి కాని డైరెక్టరీలు అందులో ఉంటే వాటిని వదిలేసి, మిగతావాటికి -ఆర్ లేకుండా చ్‌మాడ్ 700.

కడప, కాలేజీ ల్యాబ్:
కానీ సార్లు రికార్డు చూడాల కదా. ఫ్యాకల్టీ అని గ్రూపు ఉండాది.

అనంతపురం, సిస్టమ్ అడ్మిన్:
దానికి ఏసీఎల్ (ఒక్కో గ్రూపుకు, యూజర్‌కు విడిగా ఇచ్చే అనుమతుల జాబితా). 700 పెట్టిన తర్వాత: సుడో సెట్‌ఎఫ్‌ఏసీఎల్ -ఎమ్ జి:ఫ్యాకల్టీ:ఆర్ఎక్స్, పక్కన డైరెక్టరీ పేరు. కమాండు లేదంటే ఏసీఎల్ ప్యాకేజీ వేసుకోండి. లోపలి ఫైళ్లు 644, సబ్‌డైరెక్టరీలు 755 ఉంటాయి కాబట్టి సార్లు చదవగలరు. డాట్ ఎస్ఎస్‌హెచ్ మాత్రం 700 కాబట్టి సార్లకూ మూసే ఉంటుంది, అదే మంచిది.

ఆర్‌డబ్ల్యూఎక్స్ ఇవ్వొద్దు. హోమ్‌కు గ్రూపు రైట్ (రాసే అనుమతి) కనిపిస్తే ఎస్ఎస్‌హెచ్ సర్వరు కీతో లాగిన్ కానివ్వదు. లాగ్‌లో 'బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్' అని వస్తుంది, పిల్లలేమో కీ పోయిందని మీ దగ్గరికొస్తారు.

కొత్త అకౌంట్లకు ఈ ఏసీఎల్ దానంతట రాదు. స్క్రిప్టులో యూజర్‌యాడ్ లైను కిందనే ఈ లైను కూడా పెట్టండి. యాడ్‌యూజర్ వాడేవాళ్లయితే /యూఎస్ఆర్/లోకల్/ఎస్‌బిన్/యాడ్‌యూజర్.లోకల్ అని స్క్రిప్టు రాసి ఎగ్జిక్యూట్ బిట్ ఇవ్వాలి. అకౌంటు తయారైన వెంటనే యాడ్‌యూజరే దాన్ని నడుపుతుంది, నాలుగో ఆర్గ్యుమెంటుగా హోమ్ దారి అందిస్తుంది.

ప్రొద్దుటూరు:
పబ్లిక్_హెచ్‌టీఎమ్ఎల్ (సొంత వెబ్ పేజీల ఫోల్డరు) వాడేవాళ్లుంటే? మా దగ్గర 700 పెట్టినాక 403 (అనుమతి లేదు) వస్తాంది.

అనంతపురం, సిస్టమ్ అడ్మిన్:
అపాచీ వెబ్ సర్వరు హోమ్ దాటి లోపలికి పోలేకపోతోంది. దానికి ఎక్స్ (లోపలికి దాటే అనుమతి) ఒక్కటి చాలు: సెట్‌ఎఫ్‌ఏసీఎల్ -ఎమ్ యూ:డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా:ఎక్స్. ఆర్ ఇవ్వకండి.

కడప, కాలేజీ ల్యాబ్:
అన్నీ చేసినా సార్. కొత్త టెస్ట్ యూజర్‌కు 700 వచ్చింది. కానీ ఏసీఎల్ లైను నడిపినాక స్టాట్ 750 చూపిస్తాంది. మళ్లీ 700 కొట్టాల్నా?

కర్నూలు, నెట్‌వర్క్ ల్యాబ్:
కొట్టొద్దు. ఏసీఎల్ ఉన్న డైరెక్టరీకి స్టాట్ చూపే మధ్య అంకె ఏసీఎల్ అనుమతులకు గరిష్ఠ పరిమితి అయిన మాస్క్‌ది, గ్రూపుది కాదు. గెట్‌ఎఫ్‌ఏసీఎల్ కొట్టి చూడండి: 'గ్రూప్::' పక్కన మూడు గీతలే ఉంటే స్టూడెంట్స్‌కు దారి లేదు. ఇప్పుడు చ్‌మాడ్ 700 కొడితే మాస్క్ సున్నా అయిపోతుంది. ఫ్యాకల్టీ లైను అట్లే కనిపిస్తుంది గానీ పక్కన 'ఎఫెక్టివ్:' అని మూడు గీతలొస్తాయి, పరీక్ష రోజు ఎగ్జామినర్ ముందు సార్లకు ఏ ఫోల్డరూ తెరుచుకోదు. ఎవరైనా పొరపాటున కొట్టేస్తే సెట్‌ఎఫ్‌ఏసీఎల్ లైను ఇంకోసారి నడపండి, మాస్క్ తిరిగి వస్తుంది. ఆదివారమే ఒక విద్యార్థి లాగిన్‌తో పక్కవాడి హోమ్‌కు ఎల్ఎస్ కొట్టి, ఆ తర్వాత ఫ్యాకల్టీ లాగిన్‌తో అదే ఫోల్డర్ తెరిచి చూడండి. మొదటిదానికి 'పర్మిషన్ డినైడ్' రావాలి, రెండోదానికి ఫైళ్లు కనిపించాలి.