సమస్యాపూరణం: "చెవులు చూచెను కన్నులు చిన్నవోయె"

నిర్వాహకుడు (తిరుపతి):
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి (నాలుగు పాదాల పద్యం) పాదం. దీన్ని చివరి పాదంగా ఉంచి, పై మూడు పాదాలూ మీరు రాసి దీనికి అర్థం కుదర్చాలి, అదే పూరణ.

*చెవులు చూచెను కన్నులు చిన్నవోయె*

విషయం: ఆకాశవాణిలో ఒక రోజు. పొద్దున వాల్టర్ కౌఫ్‌మన్ కట్టిన ఆ పరిచయ రాగం మొదలుకొని రాత్రి చివరి వార్తల దాకా ఏ కార్యక్రమమైనా తీసుకోండి, ఏ కేంద్రమైనా సరే. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యేదాకా మన వైపు వాళ్ళకి మద్రాసు కేంద్రమే దిక్కు. తర్వాత కడప మీడియం వేవ్, 900 కిలోహెర్ట్జ్ దగ్గర రేడియో ముల్లు పెట్టి వదిలేసిన ఇళ్ళు మన జిల్లాలో ఎన్నో. వివిధ భారతి 1957 అక్టోబరు 3న మొదలైంది, అదీ పనికొస్తుంది. ఒకటే షరతు: చెవులు ఎట్లా చూశాయో, కళ్ళు ఎందుకు చిన్నబోయాయో రెండూ పద్యంలోనే తేలాలి.

కపిలతీర్థం తమ్ముడు:
గురువుగారూ, మొదటి పూరణ నాదే.

ప్రొద్దు పొడువగ తొలిపాట పొంగివచ్చె
సంస్కృతమ్మున వార్తలు జాలువారె
పాడిపంటల ముచ్చట పలుకరించె
చెవులు చూచెను కన్నులు చిన్నవోయె

నిర్వాహకుడు:
నడక హాయిగా ఉంది తమ్ముడూ, గణాలు (గురులఘువుల గుంపులు), యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం జత కలవడం) అన్నీ సరిపోయాయి. రెండో పాదంలో సం-జా యతి చక్కగా కుదిరింది. 1974లో మొదలైన ఆ సంస్కృత వార్తల్ని, "సంప్రతి వార్తాః శ్రూయంతామ్" అనే ఆ గొంతుని పద్యంలోకి తెచ్చినందుకు సంతోషం. కానీ ఇది కార్యక్రమాల పట్టికగా మిగిలిపోయింది. పాట వచ్చింది, వార్త వచ్చింది, ముచ్చట వచ్చింది, అన్నీ వినపడ్డాయి, మరి చెవి చూసింది ఏమిటి? పై మూడు పాదాలకీ నాలుగో పాదానికీ ముడి పడలేదు. సమస్యలో ఉన్న విరోధాన్ని విప్పకుండా పక్కన పెట్టేస్తే అది పూరణ కాదు.

చిత్తూరు అక్క:
మూడు కార్యక్రమాలు ఎందుకు తమ్ముడూ, ఒకటి పట్టుకో చాలు. నేను రేడియో నాటకం పట్టుకున్నా.

నాటకమ్మున వానయే నడచివచ్చె
తలుపు కిర్రను సవ్వడి దడను పెంచె
వేదికయు లేదు తెర లేదు వెలుగు లేదు
చెవులు చూచెను కన్నులు చిన్నవోయె

పుత్తూరు మాస్టారు:
భలే అమ్మా! మూడో పాదం నోట్లోనే తిరుగుతోంది, "లేదు లేదు లేదు" అని మూడుసార్లు కొట్టి కంటికి ఒక్కో ఆధారాన్నీ తీసేశారు, ఇంక కళ్ళు చిన్నబోక ఏం చేస్తాయి. స్టూడియోలో ఒక రేకు పట్టుకుని ఊపితే ఉరుము, కొబ్బరిచిప్పలు తడితే గుర్రం డెక్కలు. అంత మాత్రానికే ఇంట్లో కూర్చున్నవాళ్ళం ఒళ్ళు దగ్గర పెట్టుకుని వినేవాళ్ళం, మధ్యలో ఎవరైనా గిన్నె చప్పుడు చేస్తే కోపం వచ్చేది.

నిర్వాహకుడు:
మాస్టారుతో ఏకీభవిస్తున్నాను. చిన్న మాట అక్కా, "వానయే" లో "ఏ" కారం గణం కోసం వచ్చినట్టు అనుమానం వస్తుంది గానీ, వానే స్వయంగా నడిచి వచ్చింది అని చదివితే అందమే. మార్చొద్దు.

మదనపల్లె మిత్రుడు:
నాది వివిధ భారతి జైమాల. జవాన్లు కోరిన పాటలు పేర్లు చదివి వేస్తారు కదా, దాని మీద.

మంచుకొండల కాపున్న జవానునకు
కోరె నని పేరు చదువగ గుండె పొంగె
ఇంటి పొయికడ నిలిచిన యింతి కపుడు
చెవులు చూచెను కన్నులు చిన్నవోయె

నిర్వాహకుడు:
భావం చూడగానే మనసు కదిలింది మిత్రమా, అందుకే ఈ పద్యాన్ని వదలబుద్ధి కావట్లేదు. మొదటి పాదం చూడండి: "జవాను" జగణం (లఘువు, గురువు, లఘువు), తేటగీతిలో ఆ చోట రావాల్సిన సూర్యగణం (మూడు లఘువులు, లేదా గురువు, లఘువు) కాదు, పైగా మం-జ యతి చెల్లదు. అన్వయం కూడా తెగింది, "జవానునకు కోరె" అంటే ఎవరు కోరారు? "మంచుకొండల కాపున్న మగడు పాట" అంటే యతి, గణం, అన్వయం మూడూ ఒక్క దెబ్బకి కుదురుతాయి, "పాట కోరెనని" అని రెండో పాదంలోకి దిగుతుంది.

చిత్తూరు అక్క:
"మగడు" అనగానే ఆ ఇంతి ఎవరో కూడా తేలిపోయింది. పేరు వినగానే మనిషి ఎదురుగా నిలబడ్డాడు, కాబట్టి చెవులు చూశాయి. కళ్ళ సంగతి మాత్రం ఇంకా బయటపడలేదు. నీళ్ళు నిండి మసకబారాయని నేను ఊహించుకున్నా, ఆ మాట పద్యంలో లేదు. పొయి పొగ అయినా ఒక మాట పడి ఉంటే బాగుండేది.

మదనపల్లె మిత్రుడు:
"మగడు" ఉంచేయండి సార్. పొగ సంగతి ఆలోచించి మూడో పాదం మళ్ళీ రాస్తాను.

కపిలతీర్థం తమ్ముడు:
అక్క చెప్పినట్టు ఈసారి ఒకటే పట్టుకున్నా. రాత్రిపూట దూరపు కేంద్రాలు పలకడం మీద.

పొద్దు గ్రుంకిన పిమ్మట ముల్లు త్రిప్ప
దూరదేశపు గొంతులు తోడు వచ్చె
చుట్టు చీకటి దీపమ్ము సోలిపోయె
చెవులు చూచెను కన్నులు చిన్నవోయె

పుత్తూరు మాస్టారు:
అబ్బాయ్, ఇది పూరణ అంటే! మొదటి పాదంలో పొ-ము యతి చూసి ఎవరూ తప్పనుకోవద్దు, పవర్గంలో ఉకార ఒకారాలతో "ము" చెల్లుతుంది, ముకారయతి అదే. విషయం కూడా నిజమే, పగలు ఎండ వల్ల ఆకాశంలో కింది పొర ఒకటి ఏర్పడి మీడియం వేవ్ తరంగాలని మింగేస్తుంది. పొద్దుగుంకితే ఆ పొర పోయి, తరంగాలు పై పొరకి తగిలి తిరిగొచ్చి దూరం నుంచి కూడా పలుకుతాయి. అందుకే "పొద్దు గ్రుంకిన పిమ్మట" అనడం ఊరికే కాలేదు.

నిర్వాహకుడు:
చీకట్లో కళ్ళకి పని లేదు, చెవులకి దేశాలు కనపడుతున్నాయి, రెండు ముళ్ళూ విడిపోయాయి. ఈ వారం నా మార్కులు ఈ పద్యానికీ, అక్క నాటకం పద్యానికీ సమానంగా. మదనపల్లె మిత్రుడి కొత్త మూడో పాదం వచ్చాక మళ్ళీ చూస్తాను. రేడియోలో వచ్చిన ఉషశ్రీ గారి రామాయణ, భారత ప్రవచనాల మీద ఇంతవరకూ ఒక్క పూరణా రాలేదు, ఆదివారం దాకా టైముంది, ఎవరైనా పట్టుకోండి.