అప్‌డేట్: 72 గంటల మాత్ర వేసుకుంటే తర్వాత పిల్లలు పుట్టరా?

నేను అడిగింది ఇదీ: కండోమ్ లేకుండా కలిశాక గర్భం రాకుండా 72 గంటల్లోపు వేసుకునే ఐ-పిల్ లాంటి మాత్ర రెండుసార్లు వేసుకుంటే, తర్వాత గర్భం రావడానికి ఇబ్బందా అని. డాక్టరుగారి జవాబు: కాదు.

అందులో ఉండేది లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్, 1.5 మిల్లీగ్రాములు. అండం విడుదలను వాయిదా వేస్తుంది, అంతే. గర్భసంచికి ఏమీ చేయదు. వాయిదా పడిన అండం అదే నెలలో తర్వాత విడుదల కావచ్చు. అందుకే మాత్ర వేసుకున్నాక కండోమ్ లేకుండా కలిస్తే గర్భం రావచ్చు. నింద మాత్రం మాత్ర మీదికి పోతుంది!

72 గంటలు అని రాసి ఉన్నా ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. అండం విడుదలైపోయాక పెద్దగా పనిచేయదు. 2 గంటల్లోపు వాంతి అయితే ఇంకోటి వేసుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఫెనిటోయిన్ వాడేవాళ్లకు మాత్ర బలం తగ్గుతుంది. వాళ్లకు కలిసిన 5 రోజుల్లోపు కాపర్-టి వేయించుకోవడమే నయం.

మాత్ర వేసుకున్నా గర్భం నిలిస్తే? బిడ్డకు లోపాలొస్తాయనడానికి ఆధారం లేదు, ఆ భయంతో తీయించుకోనక్కర్లేదు. నెలసరి వారం దాటి ఆలస్యమైతే టెస్ట్ చేసుకోవాలి. పొత్తికడుపులో ఒకవైపు గట్టిగా నొప్పి వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ట్యూబులో గర్భం కావచ్చు.