ద్రక్మాని "కాసు" అనొచ్చా?

ప్రశ్న: ప్రాచీన ఏథెన్స్ మీద ఓ వ్యాసం తెలుగు చేస్తున్నాను. తీర్పు చెప్పడానికి కూర్చునే పౌరుడికి రోజుకు 3 ఒబోల్‌లు ఇచ్చేవారట. 6 ఒబోల్‌లు ఒక ద్రక్మా, రెండూ అక్కడి నాణేలే. ద్రక్మాని కాసనీ, ఒబోల్‌ని దమ్మిడీ అనీ రాసేస్తే సరిపోతుందా, తులాల్లోకి మార్చాలా?

జవాబు: కాసు వద్దండీ. కోస్తాలో కాసంటే 8 గ్రాముల బంగారం. పెళ్ళి మాటల్లో వినిపించేది అదే. ద్రక్మా వెండిది, ఏథెన్స్ తూకంలో సుమారు 4.3 గ్రాములు.

తులాలంటారా, ముందు ఏ తులమో తేల్చుకోండి. ఇప్పుడు కొట్లో తులమంటే 10 గ్రాములే. పాత తులం 11.66. అది 12 మాషాలు, మాషాకి 8 గురిగింజలు, మొత్తం 96. ఆ లెక్కన ఒబోల్ దాదాపు 6 గురిగింజల ఎత్తు, ద్రక్మా 35 పైచిలుకు. గుడ్లగూబ బొమ్మతో ఉండే నాలుగు ద్రక్మాల నాణెం 17.2 గ్రాములు. పాత తులంతో ఒకటిన్నరకు కాస్త తక్కువ, కొట్టు తులంతో 1.72. నాణెం అదే, తేడా మాత్రం పావు తులం! పైగా ఊరు మారితే ద్రక్మా కూడా మారుతుంది. ఏజీనా అనే గ్రీకు ద్వీపం వాళ్ళది 6 గ్రాముల పైమాటే.

మరొకరు: దమ్మిడీ మీద నా అభ్యంతరం వేరు. అది ద్రక్మాకి మునిమనవరాలు! గ్రీకు ద్రక్మా సంస్కృతంలో ద్రమ్మమైంది, తర్వాత దామ్, దాన్నుంచి దమ్‌డీ, మన నోట దమ్మిడీ. వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజులు ఇక్కడే ద్రక్మాలు కొట్టించారు, కాకపోతే తేలికవి, రెండున్నర గ్రాములకు అటూ ఇటూ. ఆ రాజుల్లో అపొల్లొడోటస్, మినాండర్‌ల పాత ద్రక్మాలు క్రీ.శ. 1వ శతాబ్దంలోనూ గుజరాత్‌లోని భరూచ్ రేవులో చెలామణిలో ఉన్నాయని ఎర్రసముద్రపు పెరిప్లస్ అనే గ్రీకు ఓడవర్తకుల పుస్తకం చెబుతోంది. ఒబోల్‌ని దమ్మిడీ అంటే ముత్తవ్వలో ఓ ముక్కకి మునిమనవరాలి పేరు పెట్టినట్టు.

ఇంకో ముచ్చట. ఒబోల్ అంటే మొదట్లో ఇనుప చువ్వ. చేతికి పట్టినన్ని, అంటే ఆరు చువ్వలు, ఒక ద్రక్మా. "పట్టుకొను" అనే గ్రీకు క్రియ నుంచే ద్రక్మా అనే పేరు. అర్థం చూసి అనువదిస్తే మన "పిడికెడు".

ప్రశ్న అడిగినవారు: బాగుంది మాస్టారూ! అయితే ద్రక్మాని ద్రక్మాగానే ఉంచి, మొదటిసారి వచ్చినచోట "సుమారు 4.3 గ్రాముల వెండి" అని ఓ ముక్క పెడతాను. గురిగింజల లెక్క మా నాన్నగారికి చూపించాలి. కంసాలి పని మానేసి ఎన్నాళ్ళయినా ఆయన పెట్టెలో గింజలు అలాగే ఉన్నాయి.

జవాబు: ఒకసారి తూచి చూడండి. ఏ రెండు గింజలూ ఒకే బరువు ఉండవు, ఏరి పెట్టుకున్నవైతే తప్ప. నాన్నగారివి ఏరినవే అయి ఉంటాయి.