క్లోరిన్ టన్నర్లా, హైపోనా: ఊరి వాటర్‌వర్క్స్‌కు ఏది మేలు?

వంశధార ఒడ్డువాసి:
ఒడిశా రాయగడ జిల్లాలోని మా ఊరి వాటర్‌వర్క్స్‌లో 900 కిలోల క్లోరిన్ టన్నర్లు (ఒత్తిడితో ద్రవంగా మార్చిన క్లోరిన్ నింపిన పెద్ద సిలిండర్లు) రెండు ఎప్పుడూ నిల్వ ఉంటాయి. ప్రహరీ అవతల, పల్లంలో అంగన్‌వాడీ ఉంది. క్లోరిన్ గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు కనుక, లీకయితే నేలబారుగా పాకి తిన్నగా అక్కడికే చేరుతుంది. పైగా గోడమీది హెచ్చరికలన్నీ ఒడియాలో ఉన్నాయి; టన్నర్లు దించడానికి వచ్చేవారేమో పాతపట్నం వైపు తెలుగు కూలీలు. గ్యాసు మానేసి, ద్రవరూపంలో దొరికే సోడియం హైపోక్లోరైటుకు, అంటే హైపోకు, మారాలని నేనంటున్నాను. మీరేమంటారు?

జయపురం, విశ్రాంత ఆపరేటర్:
మీ భయం సబబే కాని, లెక్క కూడా చూడాలండీ. రోజుకు కోటి లీటర్ల నీటికి, లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 20 కిలోల క్లోరిన్ పడుతుంది. అంటే ఒక టన్నర్ నెలన్నర వస్తుంది. అదే పనికి 10 శాతం హైపో రోజుకు సుమారు 200 కిలోలు కావాలి, అదీ రేకుల షెడ్డులో ఉంచితే ఎండాకాలం రోజురోజుకూ బలం తగ్గిపోతుంది. శుద్ధి కాని నీరు ఏం చేస్తుందో 2007లో కాశీపూర్ ప్రాంతంలో కలరా చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు.

నేను చూసిన లీకుల్లో ఎక్కువ భాగం వాల్వు దగ్గరి సీసపు వాషర్ వల్ల వచ్చినవే. టన్నర్ మార్చిన ప్రతిసారీ కొత్తది వేయాల్సి ఉండగా, నలిగిపోయినదాన్నే మళ్లీ బిగిస్తారు. ఒకసారి రాత్రి షిఫ్టులో అలాగే లీకయితే, కుర్రాడొకడు బకెట్టుతో నీళ్లు పోయబోయాడు. చేయి పట్టుకొని ఆపాను. తడి తగిలిన క్లోరిన్ ఆమ్లమై లోహాన్ని తినేస్తుంది, సందు ఇంకా పెద్దదవుతుంది. మాస్కు తగిలించుకొని, కర్రకు చుట్టిన దూదిని అమ్మోనియాలో ముంచి అతుకుల దగ్గర తిప్పితే, తెల్లటి పొగ లేచిన చోటే లీకు. టన్నర్ ఒంటికే చిల్లు పడితే దాన్ని దొర్లించి చిల్లును పైకి తేవాలి; కిందనుంచి ద్రవం కారితే అది 450 రెట్లకు పైగా గ్యాసుగా విస్తరిస్తుంది.

మహేంద్రతనయ తీరం:
పెద్దాయన చెప్పిన జాగ్రత్తలన్నీ నిజమే. అయితే అవి తెలిసినవారు రిటైరవుతున్నారు, వారి చోటికి వస్తున్నది మాలాంటి ఆరు నెలల కాంట్రాక్టు మనుషులు. భోపాల్ తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 41హెచ్ సెక్షను చేర్చారు: ప్రాణాపాయం ముంచుకొస్తోందని తోస్తే కార్మికుడు ఆ సంగతి యాజమాన్యం దృష్టికి తేవచ్చని, వారు వెంటనే సరిచేయాలని అందులో రాశారు. రేపు పని ఉంటుందో లేదో తెలియని మనిషి ఆ మాట అనగలడా? నేనైతే అనలేదు. మాస్కులో గాలిని వడకట్టే డబ్బా (కానిస్టర్) గడువు తీరిందని తెలిసీ రెండు నెలలు అదే మాస్కు వాడాను.

వంశధార ఒడ్డువాసి:
లెక్కను ఒప్పుకుంటాను. హైపోను నెలల తరబడి నిల్వచేయకుండా పది రోజులకోసారి తెప్పించి, నీడలో ఉంచవచ్చు. ఖర్చు పెరుగుతుంది, ఆ ఖర్చును అంగన్‌వాడీకున్న ముప్పుతో పోల్చి చూడమంటున్నాను.

జయపురం, విశ్రాంత ఆపరేటర్:
మారితే మారండి, నేను అడ్డు చెప్పను. అయితే హైపో డ్రమ్ముల పక్కన ఆమ్లం గాని, పటిక ద్రావణం గాని ఉంచకండి. కలిస్తే పుట్టేది మళ్లీ క్లోరినే. ఈలోగా మీ వాటర్‌వర్క్స్‌లో మాస్కు ఎక్కడ వేలాడుతోందో ఒకసారి చూసి రండి. మా దగ్గర అది చాలాకాలం టన్నర్ గది లోపలే ఉండేది.