గోధుమకు కొమ్మలా, పిలకలా?

ప్రశ్న: గోధుమ జన్యుపటాలపై, అంటే ఏ జన్యువు క్రోమోజోముల్లో ఎక్కడుందో చూపే పటాలపై, ఒక వ్యాసం రాస్తున్నాను. "ప్రకాండ శాఖీభవనాన్ని నియంత్రించే జన్యుస్థానాలు" అని మొదలుపెట్టాను. చదివినవారికి మొక్క కళ్ళకు కట్టడం లేదు. ఇంతకంటే మంచి మాట ఉందా అండి?

జవాబు: ఉందండి, పిలక. వృక్షశాస్త్రం లెక్కలో అదీ కొమ్మే. ఆకుకూ కాండానికీ మధ్య సందులో ఉండే మొగ్గ నుంచే వస్తుంది. కానీ కొమ్మ అనగానే చెట్టు మానులో పైన చీలేది గుర్తుకొస్తుంది. గోధుమలో ఆ మొగ్గలు నేలను అంటిపెట్టుకున్న కణుపుల్లో ఉంటాయి. అక్కడ మొలిచిన పిలక తన వేళ్ళు తాను దించుకుని, అన్నీ కుదిరితే తన వెన్ను తాను వేస్తుంది. తల్లి కాండమూ పిలకలూ కలిస్తే దుబ్బు. ఇంత చక్కని మాటలు వాడుకలో ఉండగా "శాఖీభవనం" ఎందుకు? "గోధుమలో పిలకల సంఖ్యను నిర్ణయించే జన్యుస్థానాలు" అని రాయండి.

పటం గీసే పద్ధతి కూడా ఈ మాటతో తేలిగ్గా చెప్పవచ్చు. పిలకలు ఎక్కువ వేసే రకాన్ని, తక్కువ వేసే రకాన్ని సంకరం చేస్తారు. సంతతిని తరాల తరబడి స్వపరాగ సంపర్కంతో పెంచి, గుణాలు స్థిరపడిన వంశాలు తయారుచేస్తారు. ఒక్కో వంశంలో పిలకలు లెక్కపెట్టి, మామూలు గోధుమకుండే 21 జతల క్రోమోజోముల్లో ఏ ముక్క ఆ లెక్కతో కలిసి నడుస్తోందో మార్కర్ల (డీఎన్ఏలోని గుర్తుల) సాయంతో చూస్తారు. నత్రజని, మొక్కల మధ్య ఎడం కూడా పిలకలను మారుస్తాయి కనుక ఒక్క పొలం లెక్కను నమ్మరు.

ఇలా దొరికినవాటిలో టిన్ జన్యువు నాకు చాలా ఇష్టం. అది 1ఎ అనే క్రోమోజోము పొట్టి భుజంలో ఉంది. అది ఉన్న మొక్కలో కాండం కణుపులు తొందరపడి సాగుతాయి, చక్కెర అటు మళ్ళుతుంది, మొగ్గలు నిద్రలోనే ఉండిపోతాయి. పిలకలు తగ్గుతాయి కానీ వెన్ను పెద్దదవుతుంది. ఐన్‌కార్న్ అనే పాతకాలపు గోధుమలో టిన్3 అనే జన్యు మార్పు ఉన్న మొక్కకైతే పిలకలే ఉండవు, ఒక్క కాండమే.

మరొకరు: అయితే "శాఖ"ను పూర్తిగా వదిలేయాలా?

జవాబు: వద్దండి, దానికీ చోటుంది. నాలుగు క్రోమోజోము సెట్లున్న గోధుమలో ఒక రకానికి వెన్నే చీలి పక్క వెన్నులు వేస్తుంది. అక్కడ "శాఖల వెన్ను" సరిగ్గా అతుకుతుంది. టీబీ1 జన్యువు గురించి రాసేటప్పుడు ఈ తేడా మరీ అవసరం. 2018లో వచ్చిన పరిశోధన ప్రకారం, ఆ జన్యువు మోతాదు పెరిగితే కింద పిలకలు తగ్గుతాయి, పైన వెన్నులో ఒకటి ఉండాల్సిన చోట జంట చిరువెన్నులు వస్తాయి. రెండింటికీ "శాఖలు" అని రాస్తే ఏది తగ్గిందో, ఏది పెరిగిందో పాఠకుడికి అంతుపట్టదు.

ప్రశ్న అడిగినవారు: చాలా ధన్యవాదాలండి. "ఫలవంతమైన పిలక" అనేదాన్ని "వెన్ను వేసిన పిలక" అని మార్చవచ్చా?

జవాబు: తప్పకుండా మార్చండి. దిగుబడి లెక్కకు వచ్చేవి అవే. పట్టికలో మొత్తం పిలకలకు ఒక వరుస, వెన్ను వేసినవాటికి మరో వరుస పెట్టండి. ఎందుకంటే పుట్టిన పిలకల్లో కొన్ని వెన్ను వేయకముందే ఎండిపోతాయి.