బాపు మారుతి 800: ఎడ్లబండి సొట్ట తీపియ్యాల్నా, ఉంచాల్నా?

సుబేదారి 800:
అందరికి నమస్తే. మాది హన్మకొండ. బాపు 2004ల కొన్న తెల్ల మారుతి 800 ఉన్నది, ఏపీ 36 నంబరు. 2024ల ఆర్సీ రెండోసారి రెన్యువల్ చేయించిన, 2029 దాక ఫికర్ లేదు. ఇంజన్ సెల్ఫ్ కొట్టంగనే అందుకుంటది. బాధంతా ఒంటి మీదనే.

ఎడమ పక్క ఎనుక డోరుకు జానెడు గీత, దాని కొసకు అరచెయ్యంత సొట్ట. 2010 మేడారం జాతరకు పోయి వాపస్ వస్తుంటే జనంల ఓ ఎడ్లబండి ఇరుసు రాసుకపోయింది. బండాయన మొఖం చిన్నబోయి నిలబడ్డడు. బాపు ఆయన చేతిల ఇంత ప్రసాదం బంగారం, అదే బెల్లం, పెట్టి పొమ్మన్నడు. అమ్మ మాత్రం హన్మకొండ చౌరస్తా దాక సణుగుతనే ఉన్నది. తెల్లారి బాపు అగ్గిపుల్లతోని టచప్ రంగు గీతలకు దించిండు. అదిప్పుడు పసుపుపచ్చగైంది.

ఇంక అదే డోరు కింద శనగ గింజలంత పొక్కులు మూడు లేసినయ్. టాపు ఎండకు మాసిపోయింది. ఎండకాలం చెల్లె పెండ్లి ఉన్నది, మా బావ బండి మొత్తానికి రంగేయిద్దామంటడు. షాపాయన 28 వేలు చెప్పిండు. బాపు ఏమంటలేడు. ఆ రోజులల్ల ఏ పార్కింగ్ చూసినా తెల్ల 800లే, ఆ సొట్టను చూసే మా బండిని గుర్తుపట్టేది. ఏం చేద్దామంటరు?

ఆటోనగర్ పెయింటర్:
అక్కా, సొట్ట సంగతి తర్వాత, ముందుగాల పొక్కులు చూడు. డోరు కింది అంచుకు నీళ్లు పోయే సన్న బొక్కలుంటయ్. వాటిల మన్ను కూరుకపోతే అద్దం సందుల నుంచి దిగిన వాన నీళ్లు లోపటనే నిలబడ్తయ్. తుప్పు లోపటి నుంచే బయటికొస్తది. స్క్రూడ్రైవర్‌తోని మెల్లగ నొక్కు. గట్టిగుంటే గీకి, ప్రైమర్ కొట్టి రంగేస్తే చాలు. దిగిందా, రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయాలె. బొక్కల లప్పం నింపి రంగేస్తనంటే ఇనకు, రెండు వానకాలాలకు మల్ల ఉబ్బుతది. ఇంకోటి, ఆ 28 వేలల్ల అద్దాల రబ్బర్లు, హ్యాండిళ్లు ఇప్పి కొడ్తడా, టేపేసి కొడ్తడా అడుగు. టేపేసి కొడితే అంచుల కాడ రంగు లేస్తది.

కరీంనగర్ జెన్:
నేను ఒక్క డోరే పెయింట్ చేయిపిచ్చి చేతులు కాల్చుకున్న. బండి రంగు కోడ్ చూసే కలిపిండ్రు. కానీ ఏండ్లకేండ్లు ఎండల మగ్గిన తెలుపుకు, డబ్బాల తెలుపుకు పొంతనుంటదా? షాపు లైటు కింద ఒక్కతీరుగనే ఉన్నది, బయట ఎండల పెట్టంగనే పాత ధోతికి కొత్త అతుకు లెక్క కొట్టొచ్చినట్టు కనబడ్డది. ఇప్పటికీ మా ఆవిడ గుర్తుచేస్తది.

టాపుకు రబ్బింగ్ చాలు. ముందు ఓ మూల రుద్ది చూడుండ్రి, గుడ్డకు తెలుపు అంటితే రంగు మీద క్లియర్ కోట్, అంటే రంగులేని మెరుపు పొర, లేనట్టు. అప్పుడు మిషిన్ పెట్టనియ్యకుండ్రి, చేత్తోనే చేయిపియ్యుండ్రి. అంచుల కాడ రంగు పల్చగుంటది, గట్టిగ రుద్దితే ప్రైమర్ తేలుతది.

కాజీపేట జంక్షన్:
పెండ్లినాడు బండి నిండ బంతిపూల దండలే ఉంటయని బావకు చెప్పుండ్రి. రంగేసుడేసుడే గదా అని ఎరుపు గిరుపు అనేరు, ఆర్సీల గూడ మార్పియ్యాలె, ఆర్టీఏ ఆఫీసు చుట్టు తిరుగుడైతది.

సుబేదారి 800:
పెయింటర్ తమ్మీ, నువ్వు చెప్పినట్టే అయ్యింది. మూడిట్ల రెండు పొక్కులల్ల స్క్రూడ్రైవర్ సక్కగ లోపటికి దిగింది. బొక్కలల్ల పిన్నీసు పెట్టి తిప్పితే చారెడు వేపాకు మడ్డి ఎల్లింది. మా చెట్టుదే. నాలుగు వేళ్ల ఎత్తు రేకు కోసి కొత్తది అతికిచ్చిన. రంగును డోరు మధ్యల అడ్డంగ ఉండే పట్టీ, సైడ్ బీడింగ్ కాడికి ఆపిండు, అందుకని అతుకు తెలుస్తలేదు, జెన్ అన్న.

సొట్ట అదే బీడింగ్‌కు పైన ఉన్నది. "ఎట్లాగూ డోరు ఇప్పిన, పైసల్ లేకుండ లేపి ఇస్త" అన్నడు టింకర్. నేను సరే అనబోతుంటే బాపు స్టూలు మీది నుంచి లేసిండు. "దాన్ని ముట్టకు బిడ్డా, మల్ల పార్కింగ్‌ల నా బండేదో నాకెట్ల తెలుస్తది" అన్నడు. ఇప్పుడు ఊరంత ఎతికినా 800లు పదైనా కనబడయ్, ఆ మాట ఎవలనాలె ఆయనతోని!

టాపు రబ్బింగ్ ఆదివారం. అప్పటిదాక బండిని వేపచెట్టు కింద నుంచి జరిపి పెట్టిన.